పికప్ ట్రక్కులో పాట: వాట్ల లెక్క, చెవి లెక్క

1925వ సంవత్సరమున అమెరికాలో రెండు సంగతులు జరిగినవి. ఆ యేడు ఏప్రిల్ నెలలో ఫోర్డు కంపెనీ తన 'మోడల్ టి' మోటారు వెనుక ఒక తొట్టిని బిగించి, కర్మాగారములోనే తయారైన పికప్ బండిగా అమ్మకమునకు పెట్టెను. ఆ యేడే జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను ఇరువురు ఇంజనీర్లు, అయస్కాంత క్షేత్రములో కదలాడు తీగచుట్టతో కాగితపు శంకువును కంపింపజేయు లౌడ్ స్పీకరును గూర్చి తమ పరిశోధన పత్రమును ప్రకటించిరి. ఆనాడు ఈ రెండింటికిని సంబంధమేమియు లేదు. నేడు స్పీకర్లు లేని పికప్ అమెరికాలో అరుదు. ఆ స్పీకర్లన్నియు, చిన్నవైనను పెద్దవైనను, రైస్, కెలాగ్‌లు వివరించిన పద్ధతిలోనే పనిచేయుచున్నవి.

అచ్చట పికప్ సరకుల బండి మాత్రమే కాదు, కుటుంబవాహనము కూడ. అందులో దినమునకు గంటల తరబడి ప్రయాణము చేయువారెందరో కలరు. కొన్న కొలది దినములకే చాలమందికి ఒక అసంతృప్తి కలుగును. బండి పెద్దది, ధర పెద్దది. కాని పాట మాత్రము పలుచగా, రేకుల డబ్బాలోనుండి వచ్చినట్లు వినబడును. అప్పుడు వారు అంగడికి పోయి "ఇంతకంటె మంచిది కావలె" నందురు. అంగడివాడు వాట్ల సంఖ్యలను చూపును. ఇది 50 వాట్లు, అది 400 వాట్లు, వేరొకటి 1,000 వాట్లు. మన జిల్లాలలో టమాటాలను, పాల క్యానులను మోయు చిన్న పికప్ బండ్ల యజమానులకు గూడ బజారులో ఎదురగునది ఈ వాట్ల పట్టికయే.

వాట్లు పెరిగినకొలది పాట బాగగునా? ఈ ప్రశ్నకు సమాధానము ఉన్నత పాఠశాలలో చదువు భౌతికశాస్త్రములోనే ఉన్నది. ఓము నియమము, బాయిలు నియమము, తరంగముల ధర్మములు, సంవర్గమానములు: ఈ నాలుగును తెలిసినవారు తమ ధనమును ఎచ్చట వెచ్చింపవలెనో, ఎచ్చట వెచ్చింపనక్కరలేదో తామే నిర్ణయించుకొనగలరు.

12 వోల్టుల హద్దు

బండిలోని విద్యుత్తు బ్యాటరీ నుండియు, ఇంజను త్రిప్పు ఆల్టర్నేటరు నుండియు లభించును. ఇంజను నడచుచున్నప్పుడు దాని వోల్టేజి 14 వోల్టులకు కొంచెము అటునిటుగా నుండును. 14.4 వోల్టులని అనుకొందము. డ్యాష్‌బోర్డులోని యంత్రము ఈ వోల్టేజినే నేరుగా వాడుకొని స్పీకరును నడపినచో, స్పీకరు కొసల నడుమ వోల్టేజి ఎంత పెరిగినను 14.4ను మించలేదు. సైను తరంగమునకు శిఖరవిలువ 14.4 ఐనచో, దాని ఫలితవిలువ 14.4ను 2 యొక్క వర్గమూలముచే భాగింపగా వచ్చు 10.2 వోల్టులు. స్పీకరు అవరోధము సాధారణముగ 4 ఓములు. శక్తి వోల్టేజి వర్గమును అవరోధముచే భాగించిన విలువ గనుక, 10.2 × 10.2 ÷ 4 = 26 వాట్లు. ట్రాన్సిస్టర్లలో కలుగు నష్టమును తీసివేయగా, శబ్దము వికృతి చెందకుండ నిజముగ లభించునది సుమారు 18 నుండి 20 వాట్లు.

మరి పెట్టెపై '50 వాట్లు' అని అచ్చు వేయుదురేల? సైను తరంగమునకు బదులు, శిఖరములు నరికివేయబడి పూర్తిగా చదరమైన తరంగమును తీసికొనుడు. దాని ఫలితవిలువ 14.4 వోల్టులే. 14.4 × 14.4 ÷ 4 చేసినచో 52 వాట్లు వచ్చును. అది పాట కాదు, గరగరమను రొద. ఐనను అది కూడ ఒక కొలతయే గనుక అంకె పెట్టెపైకి ఎక్కును. కావున వాట్ల సంఖ్యను చూచునప్పుడు అది నిలకడగా, వికృతి లేకుండ ఇచ్చు శక్తియా, గరిష్ఠ శక్తియా అని మొదట విచారింపవలెను.

ఈ హద్దును దాటుటకు మార్గములు రెండు. స్పీకరు అవరోధమును తగ్గించుట ఒకటి. 2 ఓముల స్పీకరు అదే వోల్టేజికి రెట్టింపు ప్రవాహమును, రెట్టింపు శక్తిని గ్రహించును. కొన్ని కంపెనీల ఖరీదైన ఏర్పాట్లలో ఇట్టి తక్కువ ఓముల స్పీకర్లే ఉండును. వోల్టేజిని పెంచుట రెండవది. విడిగా అమర్చు ఆంప్లిఫయరులో బ్యాటరీ వోల్టేజిని పెంచు ఒక అంతర్భాగ ముండును. 4 ఓములకు 100 వాట్లు కావలెనన్న 20 వోల్టుల ఫలితవిలువ, అనగా 28 వోల్టుల శిఖరవిలువ కావలెను. బ్యాటరీ నేరుగా దీనినీయలేదు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. చికాగోలోని గాల్విన్ కంపెనీ 1930లో 'మోటరోలా' అను పేరుతో కారు రేడియోలను అమ్మ నారంభించిన కాలమున, రేడియో వాల్వులకు ఎక్కువ వోల్టేజి కావలసియుండెను. ఆనాటి కారు బ్యాటరీలు 6 వోల్టులవి. తరువాత కొన్ని యేండ్లకు వచ్చిన 'వైబ్రేటరు' అను కంపించు మీట, ఏకముఖ ప్రవాహమును తెంచి తెంచి ట్రాన్స్‌ఫార్మరునకు అందించి వోల్టేజిని పెంచెడిది. నేటి ఆంప్లిఫయరులోను జరుగునది అదియే. తెంచు పనిని మీటకు బదులు ట్రాన్సిస్టరు సెకనుకు వేలకొలది సారులు చేయుచున్నది.

చెవి లెక్క వేరు

20 వాట్లకు బదులు 100 వాట్లు పెట్టినచో పాట ఐదు రెట్లు గట్టిగా వినబడునని తోచును. అట్లు వినబడదు. మన చెవి శబ్దములను భేదములచేత గాక నిష్పత్తులచేత కొలుచును. అందుచేతనే శబ్దతీవ్రతను డెసిబెల్లలో, అనగా సంవర్గమానములలో, చెప్పుదురు. శక్తి రెట్టింపైనచో 3 డెసిబెల్లు, పదిరెట్లైనచో 10 డెసిబెల్లు పెరుగును. సాధారణ శ్రోతకు శబ్దము 'రెండింతలైనది' అని తోచుటకు సుమారు 10 డెసిబెల్లు పెరుగవలెను. 20 నుండి 100 వాట్లకు పోయినచో పెరుగునది 7 డెసిబెల్లు మాత్రమే. ఐదు రెట్ల శక్తి పెట్టినను చెవికి రెండింతలు గూడ కాలేదు!

ఇక స్పీకరు సంగతి చూతము. ఒక వాటు శక్తినిచ్చి, ఒక మీటరు దూరమున ఎన్ని డెసిబెల్లు వచ్చునో కొలిచినచో దానిని ఆ స్పీకరు యొక్క సూక్ష్మగ్రాహ్యత అందురు. 90 డెసిబెల్ల స్పీకరు మంచి స్పీకరే. కాని ఆ స్పీకరు తాను గ్రహించిన శక్తిలో నూటికి ఒక వంతుకంటె తక్కువనే శబ్దముగా మార్చును. తక్కినదంతయు తీగచుట్టలో వేడిగా పోవును. రాగితీగ నిరోధము ఒక్కొక్క సెంటిగ్రేడు డిగ్రీకి సుమారు 0.39 శాతము పెరుగును. తీగచుట్ట 150 డిగ్రీలు వేడెక్కినచో దాని నిరోధము దాదాపు 60 శాతము పెరిగి, ఆంప్లిఫయరు పంపగల శక్తియే తగ్గిపోవును.

దీనినిబట్టి ఒక సంగతి స్పష్టమగుచున్నది. 87 డెసిబెల్ల స్పీకరును తీసివేసి 90 డెసిబెల్లదానిని పెట్టుట, ఆంప్లిఫయరు శక్తిని రెట్టింపు చేయుటతో సమానము. వాట్లను కొనుటకు ముందు డెసిబెల్లను ఎచ్చట చౌకగా పొందవచ్చునో వెదకవలెను.

తలుపే స్పీకరు పెట్టె

స్పీకరు శంకువు ముందునకు కదలినప్పుడు దాని యెదుటి గాలి సంపీడనమునకు, వెనుకటి గాలి విరళీకరణమునకు లోనగును. ముందు వెనుకల నుండి బయలుదేరు ఈ రెండు తరంగములును విరుద్ధ దశలలో నుండును. రెండును కలిసికొన్నచో ఒకదానినొకటి రద్దుచేసికొనును. తరంగదైర్ఘ్యము స్పీకరు పరిమాణముకంటె చాల పెద్దదైనప్పుడు ఈ రద్దు దాదాపు సంపూర్ణమగును. 10,000 హెర్ట్‌జుల కీచుధ్వనికి తరంగదైర్ఘ్యము 3.4 సెంటీమీటర్లు, 50 హెర్ట్‌జుల మంద్రధ్వనికి సుమారు 7 మీటర్లు. కావున వెనుకటి గాలిని ముందుకు రానీయకున్ననే మంద్రధ్వని మిగులును. ఇంటిలోని స్పీకరునకు పెట్టె ఉండుట ఇందుకొరకే.

పికప్‌లో ఆ పెట్టె ఏది? తలుపే. కాని తలుపును చేసినవారు దానిని సంగీతము కొరకు చేయలేదు. అద్దము దిగుటకు, తాళము పనిచేయుటకు, వాననీరు కారిపోవుటకు దానిని చేసిరి. లోపలి రేకులో చేయి దూరునంతటి రంధ్రములుండును. వానిపై తరచుగా పలుచని ప్లాస్టిక్ పొర మాత్రమే ఉండును. వెనుకటి తరంగము ఆ రంధ్రములగుండ కాబినులోనికి వచ్చి ముందటి తరంగమును చంపుచుండును. పైగా వెలుపలి రేకు డప్పు చర్మమువలె తానును కంపించును. కంపెనీవారి స్పీకరు అసలు నేరస్థుడు కాదు. అది పెట్టె లేని స్పీకరు.

కావున చేయవలసిన మొదటి పని చౌకైన పని. రంధ్రములను గట్టి పలకలతో మూయవలెను. నీరు కారిపోవు అడుగు రంధ్రములను మాత్రము విడువవలెను. స్పీకరు అంచుకును తలుపునకును నడుమ గాలి పోకుండ స్పంజు వలయమును పెట్టవలెను. వెలుపలి రేకునకు అల్యూమినియము పొరగల బ్యూటైల్ రబ్బరు పట్టీలను అతికింపవలెను. రేకు వంగినప్పుడు ఆ జిగట రబ్బరు సాగి, కంపనశక్తిని వేడిగా మార్చివేయును. రేకు నంతటిని కప్పనక్కరలేదు. నాల్గవ వంతు కప్పినను డప్పు మ్రోత చాలవరకు అణగును. ఇంత చేసిన తరువాత పాత స్పీకరే క్రొత్తదానివలె పలుకుట కలదు.

రొదతో పోటీ

వేగముగా పోవు బండిలో చక్రముల రొద, గాలి రొద, ఇంజను రొద కలిసి సుమారు 65 నుండి 70 డెసిబెల్లుండును. వీనిలో అధికభాగము మంద్రస్థాయిలోనిదే. పాటలోని మంద్రస్వరములు సరిగా ఆ రొదలోనే మునిగిపోవును. చెవి స్వభావము గూడ ఈ నష్టమును పెంచును. 1933లో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు చూపినట్లు, తక్కువ ధ్వనిలో మన చెవి మంద్రస్వరములను తక్కువగా వినును. 1,000 హెర్ట్‌జుల ధ్వని 40 డెసిబెల్ల వద్ద ఎంత గట్టిగా వినబడునో, 100 హెర్ట్‌జుల ధ్వని అంత గట్టిగా వినబడుటకు సుమారు 64 డెసిబెల్లు కావలెను.

రొదపై పాట తేలవలెనన్న పాటను 3 డెసిబెల్లు పెంచినను ఒకటే, రొదను 3 డెసిబెల్లు తగ్గించినను ఒకటే. మొదటిదానికి ఆంప్లిఫయరు శక్తి రెట్టింపు కావలెను. రెండవదానికి ఒక్క వాటు గూడ అక్కరలేదు. పికప్‌లో డ్రైవరు తల వెనుకనే కాబిను వెనుకగోడ ఉండును. దానికిని నేలకును బరువైన పొరను, దాని క్రింద స్పంజును పరచుట, అరిగిన తలుపు రబ్బరులను మార్చుట, బురదకొరకు చేసిన పెద్దగళ్ల టైర్లను అవసరము లేనిచో వాడకుండుట: ఇవియును సంగీతమును బాగుచేయు పనులే.

మంద్రస్వరముల బరువు

స్పీకరు ఒకే స్థాయిలో శబ్దమునీయవలెనన్న, పౌనఃపున్యము సగమైనకొలది శంకువు నాలుగింతలు దూరము కదలవలెను. 100 హెర్ట్‌జుల వద్ద 1 మిల్లీమీటరు కదలిక చాలినచో, 50 వద్ద 4, 25 వద్ద 16 మిల్లీమీటర్లు కావలెను. తలుపులోని ఆరున్నర అంగుళముల స్పీకరు ఇంత కదలలేదు. అందుకే మంద్రస్వరములకు ప్రత్యేకముగ సబ్‌వూఫరు అను పెద్ద స్పీకరును పెట్టుదురు. ఆరున్నర అంగుళముల శంకువు వైశాల్యము సుమారు 130 చదరపు సెంటీమీటర్లు. 10 అంగుళములదానిది సుమారు 330. వైశాల్యము పెరిగినకొలది కదలిక తగ్గించుకొనవచ్చును. మృదంగము వాయించువారు తొప్పివైపు రవ్వముద్దను పెట్టి, బరువు పెంచి, స్వరమును దింపుట మన మెరిగినదే. సబ్‌వూఫరు శంకువును గూడ అట్లే బరువుగా చేయుదురు.

పికప్‌లో దీనికి స్థలమేది? కారులోవలె వెనుక డిక్కీ లేదు. రెండు వరుసల సీట్లున్న బండిలో వెనుక సీటు క్రిందను, ఒకే వరుస ఉన్నదానిలో సీటునకును వెనుకగోడకును నడుమను కొంచెము చోటుండును. చిన్న పెట్టెలో గాలి బిగువైన స్ప్రింగువలె పనిచేసి స్పీకరు సహజ పౌనఃపున్యమును పెంచును. ఉదాహరణకు ఒక స్పీకరు సహజ పౌనఃపున్యము 30 హెర్ట్‌జులు, దాని అమరికలోని బిగువునకు సమానమైన గాలి ఘనపరిమాణము 40 లీటర్లు అనుకొనుడు. దానిని 20 లీటర్ల మూసిన పెట్టెలో పెట్టినచో క్రొత్త పౌనఃపున్యము 30ని, (1 + 40 ÷ 20) యొక్క వర్గమూలముచే గుణింపగా వచ్చు 52 హెర్ట్‌జులు. ఆరుబయట ఐనచో 52కు దిగువనున్న స్వరములు వేగముగా బలహీనమగును.

కాని ఇచ్చట కాబిను మనకు సహాయము చేయును. 2 మీటర్ల పొడవుగల కాబినులో మొదటి స్థిరతరంగము 343 ÷ (2 × 2), అనగా 86 హెర్ట్‌జుల వద్ద ఏర్పడును. అంతకంటె చాల తక్కువ పౌనఃపున్యములలో కాబినులో తరంగమనునదే నిలువదు. కాబిను మొత్తము ఒక మూసిన సిరంజివలె నుండును. శంకువు ముందునకు వచ్చినప్పుడు లోని గాలి యంతయు ఒకేసారి నొక్కుకొనును. అప్పుడు పీడనము శంకువు త్వరణముపై గాక దాని స్థానభ్రంశముపై ఆధారపడును. కావున ఆరుబయట తగ్గిపోవలసిన మంద్రస్వరములు మూసిన కాబినులో నిలిచియుండును. కిటికీ దింపినచో ఈ లాభము పోవును. సంగీతము వినుచు అద్దము దింపినవారు దీనిని గమనించియే యుందురు.

86 హెర్ట్‌జుల వద్ద మాత్రము వేరొక వింత. ఆ స్థిరతరంగపు పీడనము కాబిను చివరల ఎక్కువగాను, నడుమ తక్కువగాను ఉండును. తలను ముందునకు, వెనుకకు జరిపినచో అదే స్వరము పెరుగుచు తరుగుచు వినబడును. ఎన్ని వాట్లు పెట్టినను ఈ ఎగుడుదిగుడు పోదు; సబ్‌వూఫరు స్థానమును మార్చి చూడవలసినదే.

ఎడమ కుడుల దూరము, ఆజ్ఞలు మోయు యంత్రము

అమెరికా బండిలో డ్రైవరు ఎడమవైపు కూర్చుండును. ఎడమ స్పీకరు అతనికి 1 మీటరు, కుడిది ఒకటిన్నర మీటరు దూరములో నున్నచో, కుడివైపు ధ్వని 0.5 ÷ 343 సెకన్లు, అనగా సుమారు ఒకటిన్నర మిల్లీసెకన్లు ఆలస్యముగా చేరును. ముందు చేరిన ధ్వనివైపే శబ్దమున్నట్లు మెదడు గ్రహించును. గాయకుడు ఎదుట గాక ఎడమ తలుపులో కూర్చుని పాడుచున్నట్లుండును. సంఖ్యారూపములో సంకేతమును సవరించు పరికరముతో ఎడమ స్పీకరును అంతే కాలము ఆలస్యము చేసినచో గాయకుడు ఎదుటికి వచ్చును. ఇది వాట్లతో కాని పని.

పూర్వము డ్యాష్‌బోర్డులోని రేడియోను ఊడదీసి క్రొత్తది పెట్టుట సులభముగా నుండెను. నేటి బండ్లలో ఆ తెరయే వెనుక కెమెరా దృశ్యమును చూపును, హెచ్చరిక గంటలను మ్రోగించును, చల్లగాలి యంత్రమును గూడ నడపును. అమెరికాలో 2018 మే నెలనుండి క్రొత్తగా తయారైన తేలికపాటి వాహనములన్నింటికిని వెనుక కెమెరా తప్పనిసరి యైనది. కావున యంత్రమును కదలింపక, స్పీకరునకు పోవు సంకేతమును పట్టి, దానిని తగ్గించి ఆంప్లిఫయరునకు అందించుట నేటి పద్ధతి.

ఇందులో రెండు మెలకువలు కలవు. చిన్న స్పీకర్లు చినుగకుండుటకు కొన్ని యంత్రములు ధ్వని పెంచినకొలది మంద్రస్వరములను తామే తగ్గించును. ఆ సంకేతమునే పెద్ద ఆంప్లిఫయరు పెంచినచో లేనిది రాదు. ముందుగా ఆ కోతను సరిదిద్దవలెను. ఇంజను రొదను విరుద్ధదశ ధ్వనితో అణచు ఏర్పాటు కొన్ని బండ్లలో నుండును. పెద్ద సబ్‌వూఫరు పెట్టినప్పుడు ఆ ఏర్పాటు లెక్క తప్పి, అణచవలసిన రొదను తానే పుట్టించును. అట్టి బండిలో దానిని తొలగింపవలసియుండును.

తీగ, ఫ్యూజు

ఈ వ్యాసమునందు అన్నిటికంటె ముఖ్యమైన భాగమిది. పాట బాగుగా లేకున్న నష్టము కొద్దిది. తీగ కాలినచో బండియే పోవును.

400 వాట్లనిచ్చు ఆంప్లిఫయరు దక్షత 80 శాతమైనచో అది 500 వాట్లను గ్రహించును. 13.8 వోల్టుల వద్ద ఇది 36 ఆంపియర్లు. దక్షత 55 శాతమే ఐనచో సుమారు 53 ఆంపియర్లు. బ్యాటరీ ముందుండును, ఆంప్లిఫయరు సీటు క్రింద నుండును; నడుమ 5 మీటర్ల తీగ అనుకొనుడు. అడ్డుకోత వైశాల్యము 4 చదరపు మిల్లీమీటర్లైనచో ఆ రాగితీగ నిరోధము సుమారు 0.0215 ఓములు. 50 ఆంపియర్లు పోవునప్పుడు ఒక వోల్టుకు పైగా నష్టమగును. 54 వాట్ల వేడి తీగలోనే, తివాచీ క్రింద, పుట్టుచుండును. 21 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నష్టము 0.2 వోల్టు, వేడి 10 వాట్లు మాత్రమే.

ఇంకొక అపాయము కలదు. ఇంజను గదినుండి కాబినులోనికి వచ్చుచోట రేకు అంచు తీగపై తొడుగును కోసినదనుకొనుడు. బండి శరీరమంతయు బ్యాటరీ ఋణధ్రువమునకు కలుపబడియున్నది. తీగ రేకునకు తగిలిన క్షణమున వందలకొలది ఆంపియర్లు ప్రవహించి తీగ ఎర్రగా కాలును. దీనిని ఆపునది ఫ్యూజు ఒక్కటే. చాలమంది ఫ్యూజు ఆంప్లిఫయరును కాపాడుటకని తలచి దానిని ఆంప్లిఫయరు ప్రక్కన పెట్టుదురు. అట్లైనచో బ్యాటరీకిని ఫ్యూజుకును నడుమనున్న తీగకు రక్షణ లేదు. ఫ్యూజు కాపాడవలసినది తీగను. అది బ్యాటరీ నుండి 45 సెంటీమీటర్లలోపున ఉండవలెను. దాని విలువ తీగ భరింపగల ప్రవాహమును మించరాదు. తీగ రేకును దాటుచోట రబ్బరు వలయము ఉండితీరవలెను.

నేలతీగను గూడ నిర్లక్ష్యము చేయరాదు. రంగు గీకి, నిగనిగలాడు లోహమునకు గట్టిగా బిగింపవలెను. ఆంప్లిఫయరు నేల, యంత్రము నేల వేరువేరు వోల్టేజిలలో నున్నచో ఆల్టర్నేటరు ప్రవాహములోని అలలు పాటలో ప్రవేశించును. ఇంజను వేగము పెంచినకొలది స్థాయి పెరుగు ఈలవంటి ధ్వని దీనికి గుర్తు.

చెవికి గల హద్దు

పెద్ద ఏర్పాటు చేతికి వచ్చిన తరువాత దానిని తగ్గించి వినుట నేర్చుకొనవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము పెద్దవారు వారమునకు 80 డెసిబెల్ల శబ్దమును 40 గంటలవరకు వినవచ్చును. 3 డెసిబెల్లు పెరిగినకొలది కాలము సగమగును. 90 వద్ద 4 గంటలు, 95 వద్ద ఒకటింబావు గంట, 100 వద్ద 20 నిమిషములు మాత్రమే. ఇవి దినమునకు కాదు, వారమంతటికి. అంతశ్శ్రవణములో చచ్చిన రోమకణములు తిరిగి మొలవవు. ఆంబులెన్సు కూత వినబడనంత గట్టిగా పాట పెట్టుట ఇతరులకును అపాయము.

మన దేశమున పికప్ తొట్టిలో వరుసలుగా స్పీకర్లను పేర్చి ఊరేగింపులలో మ్రోగించుట పరిపాటియైనది. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లను హద్దుగా నిర్ణయించినవి. ఇందుగల 10 డెసిబెల్ల భేదము శక్తిలో పదింతల భేదమని మన లెక్కవలన తెలిసినది.

తరగతిలో చేయదగిన ప్రయోగములు

పాత రేడియోలోని ఒక స్పీకరు చాలును. దాని కొసలకు 1.5 వోల్టుల ఘటమును క్షణకాలము తాకించినచో శంకువు ముందునకు గాని వెనుకకు గాని ఉలికిపడును. ఘటమును త్రిప్పి తాకించిన ఎదురుదిక్కుగా కదలును. రైస్, కెలాగ్‌ల సూత్రమంతయు ఇందులో నున్నది.

ఆ స్పీకరును ఏదైన చిన్న ఆంప్లిఫయరుతో పాడించి, తరువాత 60 సెంటీమీటర్ల చదరపు అట్టకు స్పీకరు పట్టునంత రంధ్రము చేసి దానికి ఆనించుడు. ఆనించిన క్షణముననే పాటకు బరువు వచ్చును. శక్తి పెరుగలేదు, వెనుకటి గాలి ముందునకు వచ్చుట తగ్గినది.

ఒకే రకపు స్పీకర్లు రెంటిని ఎదురెదురుగా పెట్టి ఒకే పాట పాడించుడు. ఒకదాని తీగలను తారుమారు చేసినచో మంద్రస్వరములు మాయమగును. బండిలో స్పీకర్లు మార్చునప్పుడు ధన, ఋణ కొసలను సరిచూడవలెననుటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

ఇప్పుడు అంగడివాని పట్టికకు తిరిగి వత్తము. మొదట తలుపు రంధ్రములను మూయుట, రేకు కంపనమును, కాబిను రొదను అణచుట. పిదప సూక్ష్మగ్రాహ్యత గల స్పీకర్లు. తరువాత చిన్న పెట్టెలో ఒక సబ్‌వూఫరు. దానికి చాలినంత ఆంప్లిఫయరు, ఆంప్లిఫయరునకు తగిన తీగ, తీగకు తగిన ఫ్యూజు. ఈ వరుసలో పోవువారు "ఎన్ని వాట్లు?" అని మొదట అడుగరు. "ఒక వాటుకు ఎన్ని డెసిబెల్లు? పెట్టె ఎన్ని లీటర్లు? తీగ ఎంత లావు? ఫ్యూజు ఎచ్చట?" అని అడుగుదురు. ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము వచ్చిన పిదప వాట్ల లెక్క దానంతటదే తేలును.